ఇరవై ఏళ్ల వయసులో ఎంత దూరం చూడాలి?

గోదావరి జిల్లాల్లోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల. కెరీర్ గైడెన్స్ సెల్ బాధ్యత చూసే కామర్స్ మేడమ్ స్టాఫ్ మీటింగులో ఒక ప్రతిపాదన పెట్టారు. రెండో ఏడాది చదివే ప్రతి విద్యార్థీ వేసవి సెలవుల లోపు తన రాబోయే మూడేళ్ల గురించి ఒక పేజీ రాసివ్వాలి, కింద తల్లో తండ్రో సంతకం పెట్టాలి. త్వరలో రిటైరవబోతున్న తెలుగు మాస్టారు ఒక్కరే వద్దన్నారు. మీటింగ్ అయిపోయింది గానీ వాళ్లిద్దరి వాదన అక్కడితో ఆగలేదు. డిగ్రీ చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికొచ్చే వాదన అది.

మాస్టారు: మీ ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ని కూర్చోబెట్టి ‘మూడేళ్ల తర్వాత ఏమవుతావో రాయి’ అంటే ఏం రాస్తాడమ్మా? వాడు కళ్లారా చూసిన ఉద్యోగాలెన్ని? ఊళ్లో సచివాలయం, బడి, బ్యాంకు, పోలీస్ స్టేషను. మేనమామ కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. ఈ అయిదింట్లో ఒకటి రాస్తాడు. రాశాక ‘ఇదే నీ లక్ష్యం’ అని మనం ముద్ర వేస్తాం. వాడికి తెలిసిన లోకం ఎంతో అంతలోనే వాడి బతుకు ఇమిడిపోవాలంటాం.

మేడమ్: రాయమనకపోతే ఆ అయిదూ దాటి ఆలోచిస్తాడా మాస్టారూ? ఏమీ రాయకుండానే వాటిలో ఒకదాని వెంట పడతాడు. ఎన్నాళ్లు పడాలో, ఎంత ఖర్చవుతుందో మాత్రం ఎవరూ లెక్క చూడరు. మొన్న నమూనాకని ఒక కుర్రాడితో రాయించాను. ఇదిగో, చూడండి.

మాస్టారు: ‘డిగ్రీ – గ్రూప్-2 – డిప్యూటీ తహసీల్దార్.’ ఇంతేనా?

మేడమ్: అంతే. మూడు మాటలు, మధ్యలో రెండు గీతలు. ఆ గీతల్లో ఏముందో అడిగాను. కోచింగ్ ఎక్కడ? విజయవాడలో. హాస్టల్‌కు నెలకెంత? తెలీదు మేడమ్. నాన్నగారేం చేస్తారు? కౌలు వ్యవసాయం. ఎన్ని ఎకరాలు? మూడు. ఇంట్లో ఇంకెవరున్నారు? చెల్లి, ఇంటర్ చదువుతోంది. అప్పుడు ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. హాస్టల్, తిండి, రీడింగ్ రూమ్, పుస్తకాలు, టెస్ట్ సిరీస్ అన్నీ కలిపి నెలకు 8 వేలే అనుకున్నా ఏడాదికి 96 వేలు. మూడేళ్లంటే దగ్గర దగ్గర 3 లక్షలు. కోచింగ్ ఫీజు వేరే. కౌలు పోను ఇంటికి మిగిలేదెంతో వాడికి బాగా తెలుసు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం వాడికి అదే మొదటిసారి.

మాస్టారు: చూసి ఏమనుకున్నాడు? ‘ఇది మనలాంటి వాళ్లకు కాదు’ అనుకుని ఉంటాడు. నా భయమంతా అదే. మూడెకరాల కౌలు రైతు కొడుకుతో మనం ఖర్చు లెక్కలు కట్టిస్తాం. ఇరవై ఎకరాల ఆసామి కొడుకు ఏ లెక్కా లేకుండా నాలుగేళ్లు అదే పరీక్షకు చదువుతాడు. చివరికి ఆ కుర్చీలో కూర్చునేది రెండోవాడే. వివేకం పేరుతో పేదవాడి పిల్లలకు చిన్న ఆశలు నేర్పుతున్నామేమో ఆలోచించండి.

మేడమ్: ఈ ప్రశ్న నన్నూ నిద్రపోనివ్వలేదు. కానీ లెక్క కట్టనంత మాత్రాన ఖర్చు ఆగదు కదా. రెండో ఏడాది మధ్యలో డబ్బు ఆగిపోతుంది. అప్పుడు కుర్రాడు సగం చదువుతో, చేతిలో ఏ ఉద్యోగమూ లేకుండా ఊరికొస్తాడు. చెల్లెలి చదువుకు దాచిన డబ్బు అప్పటికే కరిగిపోయి ఉంటుంది. ఆ పిల్ల గురించి ఎవరు మాట్లాడతారు? అన్న ప్లాన్ వేసుకోకపోతే చెల్లి ఫీజు కట్టలేక చదువు మానుకోవడం మనమిద్దరం ఈ కాలేజీలోనే చూశాం.

మాస్టారు: సరే, లెక్క కట్టాడనే అనుకుందాం. ఆ లెక్క నిలుస్తుందా? తెలంగాణ గ్రూప్-1 ఏమైందో చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది వేశారు. జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. డిగ్రీ పట్టా పట్టుకుని 2022లో హైదరాబాదు అశోక్‌నగర్‌లో కోచింగ్‌కు చేరిన కుర్రాడు మూడుసార్లు ప్రిలిమ్స్ రాశాడు. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుని, మధ్యాహ్నం 5 రూపాయల భోజనంతో కడుపు నింపుకుని చదివినవాడికి ప్లాన్ లేదంటామా? మన ఆంధ్రలో మాత్రం? గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో, మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో. బీఈడీ చేసి ఎదురుచూసిన వాళ్లకు 2018 డీఎస్సీ తర్వాత మెగా డీఎస్సీ వచ్చేసరికి 2025 అయింది. ఇంజినీరింగ్ పిల్లలు అమెరికా అనుకుంటే, 2025 సెప్టెంబరులో అక్కడ కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. కమిషన్లు, కోర్టులు, పరాయి దేశాల ప్రభుత్వాలు మన పిల్లల పేజీలు చదివి తేదీలు పెడతాయా?

మేడమ్: పెట్టవు. అందుకే పేజీ కావాలంటున్నాను. వాళ్ల తేదీలు మన చేతిలో లేనప్పుడు మన గడువైనా మన చేతిలో ఉండాలి కదా! ఇంకో సంగతి గమనించారా? యూపీఎస్సీ సివిల్స్‌కు జనరల్ అభ్యర్థికి 32 ఏళ్లు, 6 ప్రయత్నాలు. బీసీలకు 35 ఏళ్లు, 9 ప్రయత్నాలు. అంటే ఒక చోట తలుపు మూసుకుంటుందని అందరికీ తెలుసు. మీరు చెప్పిన మన గ్రూప్-2 నోటిఫికేషన్‌లో ఓసీలకే 42 ఏళ్ల దాకా అవకాశం ఇచ్చారు. రిజర్వేషన్ ఉన్న వాళ్లకు ఆ పైన ఇంకో అయిదేళ్లు. ఖాళీలు నింపడంలో ప్రభుత్వాలు ఆలస్యం చేశాయి కాబట్టి వయసు పెంచడం న్యాయమే. కానీ దానివల్ల ‘ఇక చాలు’ అని చెప్పేవాళ్లు లేకుండా పోయారు. ఇరవై రెండేళ్లకు మొదలుపెట్టినవాడు ముప్ఫై అయిదు దాకా ‘ఈ నోటిఫికేషన్ ఒక్కటే’ అనుకుంటూ ఉండిపోవచ్చు. ఆ మాట వాడంతట వాడే ముందుగా రాసుకోవాలి. ఎన్ని పరీక్షలు, ఏ నెల దాకా, ఆ తర్వాత ఏమిటి అన్నది ధైర్యంగా ఉన్నప్పుడే రాసుకోవాలి. రెండుసార్లు ఓడిపోయి కుంగిపోయాక ఆ నిర్ణయం సరిగ్గా తీసుకోవడం ఎవరి వల్లా కాదు.

మాస్టారు: ఈ మాట ఒప్పుకుంటాను. గడువు పెట్టుకోకపోతే ఆశే మనిషిని తినేస్తుంది. కానీ గడువు పెట్టుకోవడం వేరు, గమ్యాన్ని ముందే ఖరారు చేయడం వేరు.

మేడమ్: గమ్యాల్లోనూ తేడా చూపించాలి మాస్టారూ. పిల్లలకు అన్ని పరీక్షలూ ఒకేలా కనిపిస్తాయి. బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ఏటా జనవరిలో క్యాలెండర్ విడుదల చేస్తుంది. క్లర్కు, పీవో పరీక్షలు ఏడాదికొకసారి జరుగుతాయి. క్లర్కు పరీక్ష ఇంగ్లిష్ విభాగం తప్ప మిగతాది తెలుగులోనూ రాయొచ్చు. యూపీఎస్సీ కూడా ఏడాది ముందే తేదీలు చెబుతుంది. రాష్ట్ర కమిషన్ పరీక్షలు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు ముగుస్తాయో తెలియదు. అలాంటప్పుడు తేదీ తెలిసినదాన్ని ముందు పెట్టుకుని, తెలియనిదాన్ని దాని పక్కన సాగించడం తెలివైన పని. ఆ కుర్రాడు వారం తర్వాత ఇంకో పేజీ తెచ్చాడు. అందులో గ్రూప్-2 పోలేదు. దానికి ముందు ‘బ్యాంకు క్లర్కు, రెండు ప్రయత్నాలు, వచ్చే ఏడాది డిసెంబరు దాకా’ అని చేరింది. ఉద్యోగం వస్తే జీతంలోంచి ఇంటికెంత, తన పుస్తకాలకెంత అని కూడా రాశాడు. ఆశ చిన్నదైందా? నాకలా కనిపించలేదు.

మాస్టారు: ఉద్యోగం చేస్తూ గ్రూప్-2 చదవడం మాటలా? సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చేసరికే ఒళ్లు హూనమవుతుంది.

మేడమ్: కష్టమే, అసాధ్యం మాత్రం కాదు. రోణంకి గోపాలకృష్ణ గారిది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా ఏళ్ల తరబడి పనిచేసి, తెలుగు మాధ్యమంలోనే రాసి, 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది మొదటి ర్యాంకు సాధించిన మెట్‌పల్లికి చెందిన అనుదీప్ గారు అప్పటికే ఐఆర్‌ఎస్ అధికారి. అది ఆయన అయిదో ప్రయత్నం. ఇద్దరూ కాళ్ల కింద నేల గట్టిగా ఉండగానే పైకి చూశారు. ఈ కథలు చెప్పేటప్పుడు మనం ర్యాంకు దగ్గరే ఆగిపోతాం. ఆ ర్యాంకు వచ్చిన రోజున వాళ్ల చేతిలో ఒక ఉద్యోగం ఉందన్న సంగతి పిల్లలకు చెప్పం. ఇల్లు గడవగలిగితే అన్నీ మానేసి ఏడాదో రెండేళ్లో చదివినా నాకు అభ్యంతరం లేదు. ఆ ఏడాదో రెండేళ్లో పేజీ మీద కనిపించాలి, అంతే.

మాస్టారు: పెద్దవాళ్ల పేర్లు మీరు ఎత్తారు కాబట్టి నేనూ ఒకటి ఎత్తుతాను. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మీ పేజీలో ఏం రాసి ఉండేవాడు? మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసవలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ ఖద్దరు కట్టి తెల్ల ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యాడు. ఎంబీబీఎస్ పట్టాకు బదులు దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. అమెరికా వెళ్లి బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేశాడు. ఆ తర్వాత గదా హార్వర్డ్ పరిశోధనలు, లెడర్లీ ప్రయోగశాల, ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్! ఏ మలుపూ ముందు గీసుకున్నది కాదు. ఇరవై ఏళ్లప్పుడు ఆయన్ని ‘ప్లాన్ ఏది?’ అని అడిగితే ఏం చెబుతాడు?

మేడమ్: ఆయనేం చెబుతాడో నాకు తెలియదు గానీ, ఆయన్ని ఓడ ఎక్కించడానికి ఎవరో కూర్చుని లెక్క కట్టారని తెలుసు. మామగారు డబ్బు కూడబెట్టారు. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానని మాటిచ్చింది. అదంతా లేకుండా అమెరికా ప్రయాణం జరిగేదా? మీరు చెప్పే మలుపులన్నీ నిజమే. ఆ మలుపుల్లో మనిషి పడిపోకుండా పట్టుకున్న చేతులు కూడా నిజమే. మన దగ్గర చదివే పిల్లల్లో చాలామందికి అలాంటి మామగారు లేరు, ధర్మసంస్థా లేదు. ఒక పేజీ, దాన్ని చదివే ఒక టీచరు ఉంటే అదైనా ఆసరా అవుతుందని నా ఆశ.

మాస్టారు: బాగా చెప్పారు. అయినా నా అసలు అభ్యంతరం అలాగే ఉంది. చూడని పని గురించి ఎవరూ నిజాయితీగా రాయలేరు. ఆ కుర్రాడు డిప్యూటీ తహసీల్దార్ అని రాశాడే, తహసీల్దార్ కార్యాలయంలో ఒక్క రోజైనా కూర్చున్నాడా? అక్కడ పొద్దున్నే వచ్చే మ్యుటేషన్ అర్జీలు, సర్వే నంబర్ల తగాదాలు, కుల ధ్రువపత్రాల కోసం నిలబడే జనం, పైనుంచి ఫోన్లు, ఇవన్నీ చూశాక కూడా ఆ పని మీద మనసుందా? పిల్లలు హోదా పేరు రాస్తున్నారు. రోజంతా చేయాల్సిన పని సంగతి ఒక్కరూ రాయరు.

మేడమ్: ఎలా చూపించమంటారు? కాలేజీలో ఉన్నదే నలుగురం.

మాస్టారు: చూపించే దారి ప్రభుత్వమే వేసి పెట్టింది కదమ్మా. 2020–21లో చేరిన బ్యాచ్ నుంచి మన రాష్ట్రంలో డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, ఆఖరి ఏడాదిలో ఒక సెమిస్టరంతా బయట. దాన్ని మనమేం చేశాం? సీనియర్ల రిపోర్టు తెచ్చుకుని, ఊరి పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇస్తుంటే మార్కులు వేశాం. లోకాన్ని చూడమని ఇచ్చిన పది నెలల్ని కాగితాల కట్టలుగా మార్చేశాం. ముందు దాన్ని సరిచేయండి. మీ పేజీ తర్వాత.

మేడమ్: అది నిజం. నాకూ బాధగానే ఉంది.

మాస్టారు: ఒక్క సంగతి చెబుతాను. నేను మెంటర్‌గా ఉన్న బ్యాచ్‌లో ఒక బీకాం అమ్మాయి ఉంది. ప్రాజెక్టు కోసం వాళ్ల ఊరి పాలకేంద్రానికే వెళ్లమన్నాను. వారం రోజులు పొద్దున్నే ఆరింటికల్లా అక్కడుంది. క్యాను దించగానే గరిటెడు పాలు మెషీన్‌లో పోస్తారు. కొవ్వు శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు), లీటర్లు, రేటు, మొత్తం అని చీటీ వస్తుంది. ఆడవాళ్లు ఆ చీటీ మడిచి కొంగున ముడేసుకుని వెళ్లిపోతారు. ఈ పిల్ల నలుగురి దగ్గర పదిహేను రోజుల చీటీలు అడిగి తీసుకుంది. కూడికలు వేసి బ్యాంకు పాస్‌బుక్కులో పడిన మొత్తంతో పోల్చింది. ఒకావిడకు తక్కువ పడింది. ఎందుకని అడిగితే దాణా బాకీ పట్టుకున్నామన్నారు. పట్టుకున్నది న్యాయమే, కానీ ఏ బస్తాకు ఎంతో ఆవిడకెవరూ చెప్పలేదు. ఈ పిల్ల ఒక నోటుబుక్కులో పాలు ఒక వైపు, దాణా ఒక వైపు గీతలు గీసి రాసిచ్చింది. తర్వాత వారంలో ఇంకో ఆరుగురు పుస్తకాలు పట్టుకుని వాళ్లింటికొచ్చారట. అప్పుడు నా దగ్గరికొచ్చి అడిగింది, ‘సార్, ఇలా లెక్కలు చూసి ఎక్కడ తేడా ఉందో చెప్పే ఉద్యోగం ఏదైనా ఉందా?’ అని. తెలుగు చెప్పుకునే వాణ్ని నాకేం తెలుసు? మీ దగ్గరికి పంపాను.

మేడమ్: వచ్చింది! ఆ పిల్లే కదూ? అంతకు ముందు తన మీద నాకో అభిప్రాయమే లేదు. క్లాసులో నోరు విప్పేది కాదు. సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) కోర్సు గురించి చెప్పాను. డిగ్రీ అయినవాళ్లు ఫౌండేషన్ రాయనక్కర్లేదు, నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. ఫీజెంత, ఎన్ని పేపర్లు, ఇంట్లో ఉండి చదవొచ్చా, అన్నీ అడిగి రాసుకుంది. రిజిస్ట్రేషన్ గడువు తేదీ తనే చూసుకుని వచ్చింది.

మాస్టారు: చూశారా! పేజీ ముందు పెట్టి ఉంటే ఆ పిల్ల ‘బ్యాంకు’ అని రాసి ఇచ్చేది. పాలకేంద్రానికి వెళ్లింది కాబట్టి అడగడానికి ఒక ప్రశ్న దొరికింది.

మేడమ్: ప్రశ్న దొరికింది మీ వల్లే, ఒప్పుకుంటున్నాను. కానీ జూన్, డిసెంబరు, ఫీజు, గడువు ఎవరూ చెప్పకపోతే ఆ ప్రశ్న ఏమయ్యేది? డిగ్రీ అవగానే సంబంధాలు చూడటం మొదలయ్యేది. అసలు ఆడపిల్లల కోసమే నేను ఈ పేజీ మీద ఇంత పట్టుబడుతున్నాను మాస్టారూ. మగపిల్లాడు ‘ఏదో ఒకటి చేస్తాను నాన్నా’ అంటే రెండేళ్లు గడుస్తాయి. ఆడపిల్ల అదే మాటంటే రెండు నెలల్లో పెళ్లిచూపులు. అదే ‘డిసెంబరులో ఈ పరీక్ష, ఫిబ్రవరిలో ఫలితం, ఇంత ఖర్చు, ఇందులో సగం నేను ట్యూషన్లు చెప్పి తెచ్చుకుంటాను’ అని కాగితం ముందు పెడితే తండ్రి కాస్త ఆగుతాడు. ఆ అమ్మాయి విషయంలో ఆగారు కూడా. తేదీలున్న మాటకు ఇంట్లో బరువుంటుంది.

మాస్టారు: ఆగుతారు, కానీ ఆ కాగితమే రేపు వాళ్ల చేతిలో ఆయుధమవుతుంది. ‘ఫిబ్రవరి అన్నావుగా, ఫలితం రాలేదుగా, ఇక మా మాట విను’ అంటారు. మగపిల్లాడు రాసుకున్న గడువు వాడికి వాడు పెట్టుకున్నది. ఆడపిల్ల రాసిన గడువు ఇంట్లోవాళ్లంతా ఆమె మీద పెట్టింది అవుతుంది. అందుకే మీ పేజీ కింద తల్లిదండ్రుల సంతకం అన్న గీత నాకు ముల్లులా గుచ్చుకుంది. సంతకం పెట్టించామంటే ఒప్పందం రాయించినట్టే. ఇరవై ఏళ్ల మనిషికి మనసు మార్చుకునే హక్కుండాలి.

మేడమ్: ఇది నాకు తట్టలేదు. సంతకం ఉంటే ఇంట్లో మాట్లాడతారని అనుకున్నాను.

మాస్టారు: మాట్లాడాలి, తప్పకుండా మాట్లాడాలి. దానికి సంతకం ఎందుకు? ‘ఈ పేజీ గురించి ఇంట్లో ఎవరితో మాట్లాడావు, వాళ్లేమన్నారు?’ అని ఒక ప్రశ్న పెట్టండి. తల్లిదండ్రుల్ని ఒకరోజు పిలిచి, పరీక్షలు ఎలా వాయిదా పడతాయో, ఒక్క ఫలితం రానంత మాత్రాన పిల్ల ఓడిపోయినట్టు కాదని మనమే చెప్పాలి. ఆ బాధ్యత పిల్ల మీద వేయకూడదు.

మేడమ్: సరే, సంతకం గీత తీసేస్తాను. ఇంకేం మార్చమంటారు?

మాస్టారు: మూడేళ్లు ఎక్కువ. పంతొమ్మిదేళ్లవాడికి మూడేళ్లంటే కట్టుకథ రాయాల్సిందే. ఏడాదిన్నర చాలు. ఏడాదిన్నరలో మూడు సెమిస్టర్లు, ఒక ఇంటర్న్‌షిప్, ఒకటో రెండో పరీక్షలు వస్తాయి. అంత దూరం కంటికి ఆనుతుంది.

మేడమ్: ఖర్చు మాత్రం మూడేళ్లది రాయాలి. ఇంటి డబ్బు విషయంలో ఏడాదిన్నర చూపు చాలదు. అప్పు చేస్తే తీర్చేది ఆ తర్వాతే కదా.

మాస్టారు: ఒప్పుకున్నాను. పనికి ఏడాదిన్నర, డబ్బుకు మూడేళ్లు. ఇంకొకటి. మీ నమూనా పేజీ అంతా ఉద్యోగమే. బతుకెక్కడ? ఊళ్లో ఉండాలనుందా, పట్నం పోవాలనుందా? అమ్మానాన్నల్ని ఎవరు చూస్తారు? రోజూ అబద్ధం చెప్పాల్సిన పనైతే చేయగలవా? రాత్రి షిఫ్టులు ఒంటికి పడతాయా? ఇవి అడగకుండా జీతమొక్కటే అడిగితే, ముప్ఫై ఏళ్లకు మంచి జీతంతో మింగుడుపడని బతుకు గడిపేవాళ్లను తయారుచేస్తాం.

మేడమ్: ఈ ప్రశ్నలకు జవాబులు మారిపోతూ ఉంటాయి మాస్టారూ. ఇరవైలో పట్నం కావాలంటారు, ముప్ఫైలో ఊరు కావాలంటారు.

మాస్టారు: మారనివ్వండి. అందుకే ఆరునెలలకొకసారి ఆ పేజీని మళ్లీ తీయాలి. ఏం మారింది, ఎందుకు మారింది అని కింద రాయాలి. మార్చినవాణ్ని మనం నిలదీయకూడదు. ఎందుకు మార్చావని మాత్రం అడగాలి. పక్కింటి కుర్రాడికి ఉద్యోగం వచ్చిందని మార్చాడా, లేక ఆ పని చూసి, నచ్చక మార్చాడా అన్నది వాడికే తెలియాలి.

మేడమ్: అయితే ఇలా చేద్దాం. మొదటి ప్రశ్న మీది: ‘దగ్గర నుంచి చూసిన పని ఏది, అక్కడ రోజంతా ఏం జరుగుతుంది?’ చూడకపోతే ముందు చూసి రావాలి, అప్పటిదాకా మిగతా పేజీ ఖాళీగా ఉన్నా పర్వాలేదు. రెండోది, ఏడాదిన్నరలో చేసే ప్రయత్నం, దాని తేదీలు. మూడోది, మూడేళ్ల ఖర్చు, అది ఎక్కణ్నుంచి వస్తుంది. నాలుగోది, ఎన్ని ప్రయత్నాల తర్వాత ఆపుతావు, ఆపాక మొదటి వారంలో ఏం చేస్తావు. అయిదోది మళ్లీ మీది: ఎలాంటి బతుకు కావాలి, ఏ పని చచ్చినా చేయలేవు. చివర్లో ఇంట్లో ఎవరితో మాట్లాడావన్న ప్రశ్న.

మాస్టారు: నాలుగో ప్రశ్నలో ‘మొదటి వారం’ అన్నారే, అది బాగుంది. ఓడిపోయినవాడికి ఏడాది ప్లాన్ చెబితే ఎక్కదు. సోమవారం పొద్దున లేచి ఎక్కడికెళ్లాలో తెలిస్తే మనిషి నిలబడతాడు.

మేడమ్: అక్కడ రాయడానికి వాళ్లకేమీ తోచదని తెలుసు. అందుకే ఒక జాబితా ఇస్తాను. డిగ్రీ పాసైనవాళ్లకు ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంటుంది. 2019 నిబంధనల ప్రకారం నెలకు కనీసం 9 వేలు స్టైపెండ్. జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసులో టాలీ పని ఉంటుంది. ఐసెట్, పీజీసెట్ తేదీలు ఉంటాయి. ఇవేవీ గొప్ప కలలు కావు. కానీ గ్రూప్-2 పోయిందని గదిలో తలుపేసుకుని కూర్చోకుండా కాపాడేవి ఇవే. ఫలితాల రోజుల్లో మనం పేపర్లో చదివే వార్తలు మీకూ తెలుసు.

మాస్టారు: తెలుసమ్మా. ఆ ఒక్క కారణం చాలు, నేను మీ పేజీకి ఒప్పుకోవడానికి. కానీ ఒక షరతు. నలుగురం రెండు వందల పేజీలు తీసుకుని బీరువాలో పెట్టేస్తే అది కూడా ఇంటర్న్‌షిప్ రిపోర్టులాగే అవుతుంది. ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాలు ఎదురుగా కూర్చుని చదవాలి. అన్ని సబ్జెక్టుల వాళ్లూ పంచుకోవాలి. నాకు యాభై మందిని ఇవ్వండి.

మేడమ్: మీకు పరీక్షల క్యాలెండర్లు తెలియవు కదా మాస్టారూ!

మాస్టారు: మీరు నేర్పండి. పాలకేంద్రానికి, తహసీల్దార్ ఆఫీసుకు, కోర్టుకు, ఆసుపత్రికి, ప్రెస్సుకు పిల్లల్ని ఎలా పంపాలో నేను మీకు చెబుతాను. ఒక్క విషయంలో మాత్రం మన తగువు తీరలేదు. గడువైపోయినా ఇంకో ఏడాది ప్రయత్నిస్తానని వచ్చినవాణ్ని మీరు ఆపమంటారు, నేను వినమంటాను.

మేడమ్: నేనూ వింటాను. విన్నాక ఆ ఏడాది ఖర్చు ఎవరు మోస్తున్నారో అడుగుతాను. చెల్లి మోస్తోందంటే ఆపమంటాను. తనే సంపాదించి మోసుకుంటున్నాడంటే, మాస్టారూ, మీ కంటే ముందు నేనే వాడికి హాల్‌టికెట్ ప్రింటు తీసిస్తాను.